మూడెకరాల్లో ఎన్ని పశువులు? లెక్క మే నెల నుంచి మొదలుపెట్టండి



ప్రకృతి వ్యవసాయంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది "ఏ ఆవు కొనాలి?" అని. ఆ తర్వాత "గొర్రెలు మంచివా, మేకలు మంచివా?" అని. అడగాల్సిన ప్రశ్నలే, కానీ ముందు అడగాల్సినవి కావు. ముందు అడగాల్సింది "మే నెలలో మా పొలంలో మేత ఏముంటుంది?" అని. వానాకాలంలో గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగినప్పుడు చూస్తే నాలుగు పశువులు కూడా తక్కువే అనిపిస్తుంది. అదే పొలం మార్చి దాటాక ఒక్క ఆవుకి చాలదు. గడ్డి కొనలేక, సంతకు తోలి, వచ్చిన ధరకు అమ్మేసి ఇంటికొచ్చిన కుటుంబాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వానలు పడ్డాక మళ్లీ కొందామంటే ఆ ధరకు దొరకదు. ఆవుతో పాటు రెండేళ్ల కష్టం కూడా పోతుంది.

వీడియోలో పొలం పటం గీసి ఎక్కడ ఏముండాలో చూపించాం. అందులో టైం చాలక వదిలేసిన లెక్కలు ఇక్కడ రాస్తున్నాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని, మా అంకెల పక్కన మీ అంకెలు వేసుకుంటూ చదవండి.

చిత్తూరు, అన్నమయ్య జిల్లాల వైపు మామూలుగా కనిపించే ఒక పొలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మొత్తం 3 ఎకరాలు. బోరు కింద ఎకరం వరి. ఎకరన్నర వర్షాధారం వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు. మిగిలిన అర ఎకరంలో ఇల్లు, కళ్లం, కొంచెం కూరగాయలు. ఇంట్లో పని చేసేది భార్యాభర్తలిద్దరు, చేతనైనంత సాయం చేసే పెద్దావిడ ఒకరు. పిల్లలు బడికి వెళ్తారు.

పేడ ఎంత కావాలి?

చాలామంది ఆవును కొనేది పేడ, మూత్రం కోసం. కాబట్టి ముందు అదే చూద్దాం. ఎకరాకు ఒకసారి ఇచ్చే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతాం. ఒక నాటు ఆవు రోజుకు దాదాపు 10 కిలోల పేడ వేస్తుంది. అంటే ఒక రోజు పేడ ఒక ఎకరానికి. నెలకు 30 రోజులు, 30 ఎకరాలు. సుభాష్ పాలేకర్ గారు చెప్పే "ఒక ఆవుతో 30 ఎకరాలు" అనే మాట వెనకున్న లెక్క ఇదే. నెలకు ఒకసారి, జీవామృతం వరకు మాత్రమే అయితే ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది.

కానీ మనం ఘన జీవామృతం కూడా వేస్తాం. ఎకరాకు 200 నుంచి 400 కిలోల దాకా చల్లుతున్నారు. మన ఉదాహరణ పొలంలో రెండు పంటలకూ 400 చొప్పున వేసినా 3 ఎకరాలకు ఏడాదికి 2,400 కిలోలు. జీవామృతం 15 రోజులకోసారి ఇస్తే నెలకు 60 కిలోల పేడ, పంట ఉన్న 8 నెలలకు 480. మొత్తం 2,900 దగ్గర ఆగుతుంది. ఒక ఆవు ఏడాదికి వేసేది 3,600 కిలోల పైమాటే. బయట మేతకు తోలితే అందులో మూడో వంతు బీడులోనే పడిపోతుంది. అయినా ఘన జీవామృతం కాస్త తగ్గించుకుంటే సరిపెట్టుకోవచ్చు. కాబట్టి మూడెకరాలకు పేడ కోసం రెండో ఆవు అవసరం లేదు. రెండోది కొంటే అది పాల కోసమే. అది వేరే లెక్క, వేరే కష్టం.

మూత్రం సంగతి వేరు. ఆవు ఇవ్వక కాదు, మనం పట్టక. పాకలో నేల గట్టిగా, వెనక్కి కొద్దిగా వాలుగా ఉండి, చివర కాలువ, దాని చివర చిన్న తొట్టి ఉంటే చాలు. ఇది పాక కట్టేటప్పుడే చేయించాలి. తర్వాత చేద్దాంలే అనుకున్న ఇళ్లలో ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

మార్చి 1 నాటి వామి

ఇప్పుడు అసలు లెక్క. పశువు రోజుకు తన బరువులో 2 నుంచి 2.5 శాతం ఎండు పదార్థం తినాలి. 300 కిలోల నాటు ఆవుకు 7 కిలోలు అనుకుందాం. ఒంగోలు ఆవు ఇంకా బరువు, ఇంకా ఎక్కువ తింటుంది. పుంగనూరు ఆవు 200 కిలోల లోపే ఉంటుంది కాబట్టి తక్కువ తింటుంది. (రీల్స్ చూసి పుంగనూరు దూడకు లక్షలు పెట్టేవాళ్ల గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. ఆ డబ్బుతో మన మూడెకరాల చుట్టూ కంచె వేయొచ్చు.)

పచ్చిమేత ఉన్న రోజుల్లో ఎండుగడ్డి 5 కిలోలు సరిపోతుంది. పచ్చిది తగ్గే మార్చి నుంచి, వానలు పడి గట్ల మీద గడ్డి కోతకొచ్చే జులై సగం దాకా, 135 రోజుల పాటు 7 కిలోలు పెట్టాల్సి వస్తుంది. 135 ఇంటూ 7, అంటే 945. తొక్కి పాడుచేసేది కలుపుకుంటే టన్ను. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: మార్చి 1 నాటికి వామిలో ఆవుకొక టన్ను ఎండుమేత ఉండాలి. లేకపోతే ఆ ఆవు మీ పొలానికి ఎక్కువ.

మన ఉదాహరణ పొలంలో ఏముంటుంది? చేత్తో కోసి వామి వేసుకుంటే ఎకరం వరి నుంచి టన్నున్నర నుంచి 2 టన్నుల గడ్డి. హార్వెస్టర్‌తో కోయిస్తే మోళ్లు ఎత్తుగా మిగిలిపోతాయి, బేలర్ కట్టలు కట్టించినా దక్కేది బాగా తగ్గుతుంది. ఎకరన్నర వేరుశనగ నుంచి మంచి ఏడు టన్ను దాకా కట్టె. వానలు తప్పితే అందులో సగం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక ఆవు 600 కిలోలు తినేస్తుంది. ఆపైన వేసవి టన్ను. మొత్తం 1,600. కరువు ఏడాది కూడా ఈ పొలం ఒక ఆవును నిలబెడుతుంది. మంచి ఏడు దూడ కూడా హాయిగా గడుపుతుంది. రెండు పెద్ద ఆవులకు 3,200 కావాలి. అది మంచి ఏడు కూడా రాదు. అంతే, జవాబు వచ్చేసింది: ఒక ఆవు, ఒక దూడ.

వేరుశనగ కట్టెలో వరిగడ్డి కంటే మాంసకృత్తులు బాగా ఎక్కువ. దాన్ని నవంబరులోనే ఖర్చు చేసేయకుండా, తడవకుండా దాచి, ఏప్రిల్, మే నెలల్లో వరిగడ్డితో కలిపి పెట్టండి. ఆవు చిక్కిపోకుండా కాపాడేది అదే. కంది పొట్టు కూడా అలాగే దాచుకోవాలి.

ఇక్కడ ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటి ఉంది. అదే వరిగడ్డి మనకు ఆచ్ఛాదనకు కూడా కావాలి. కూరగాయల మడుల మీద ఒక టన్ను పరిచేస్తే వామిలో ఆ టన్ను ఉండదు. ఒకే గడ్డిని రెండుసార్లు లెక్కవేసుకుని పశువు కొనేవాళ్లు చాలామంది. మా అభిప్రాయం ఏంటంటే, నోటికి పనికొచ్చేది ముందు పశువుకు. ఆవు తినకుండా వదిలేసిన ముదురు కాడలు, కాళ్ల కింద నలిగి మూత్రంలో నానిన గడ్డి మడుల మీదకు. ఆచ్ఛాదన చాలకపోతే కంది కట్టెను ముక్కలు చేసి, గ్లిరిసిడియా కొమ్మలు కొట్టి, పూత రాకముందే కలుపు కోసి వేసుకోవచ్చు. ఎలాగూ పశువు తిన్న గడ్డి పేడ రూపంలో తిరిగి పొలంలోకే వస్తుంది కదా.

పచ్చిమేతకు 10 సెంట్లు

సూపర్ నేపియర్ ఎకరాకు 150, 200 టన్నులు అని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ అంకెల వెనక బాగా నీళ్లు, బాగా యూరియా ఉంటాయి. మనం ఎకరాకు 50 టన్నులే అనుకుందాం. 10 సెంట్లకు 5 టన్నులు, సగటున రోజుకు 13 కిలోలు. ఆవుకీ దూడకీ ఇది చాలు. 3 అడుగులు బై 2 అడుగుల దూరంతో నాటితే 10 సెంట్లకు 720 దాకా కణుపు ముక్కలు పడతాయి. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత నెలన్నరకోసారి. 10 సెంట్లనూ ఆరేడు మడులుగా విడగొట్టుకుంటే ప్రతి వారం ఒక మడి కోతకొస్తుంది.

నేపియర్‌కు వేసవిలో నీళ్లు కావాలి. బోరు ఏప్రిల్‌లో ఆగిపోయే ఊళ్లలో దాన్ని నమ్ముకుని పశువు కొనకూడదు. అక్కడ నమ్మాల్సింది చెట్లను. గట్ల మీద అవిశ, సుబాబుల్, గ్లిరిసిడియా పెట్టుకుంటే వేర్లు లోతుకు పోయి మే నెలలోనూ ఆకు ఇస్తాయి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. గ్లిరిసిడియా ఆకును వాసనకు మొదట్లో ముట్టవు. ఒక పూట వాడ్చి పెడితే అలవాటవుతాయి.

జొన్న గురించి ఒక మాట. జొన్న వేసినవాళ్లకు నాము సంగతి తెలిసిందే. లేత జొన్న, నీళ్లు లేక వడలిన జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు పశువు మేస్తే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. పూతకు రాకముందు జొన్న మేపొద్దు. చేను కోశాక పిలకలొస్తున్న పొలంలోకి పశువును విడవొద్దు. అలాగే పెళ్లిళ్లలో మిగిలిన అన్నం పాపం వృథా అని ఆవు ముందు పోస్తుంటారు. ఒక్కసారిగా అంత అన్నం తింటే కడుపులో పులిసి పశువు పడిపోతుంది. అది ఘన జీవామృతంలోనో, ఎరువు గుంతలోనో వేయండి.

నీళ్ల సంగతి. వేసవిలో ఆవు రోజుకు 40 నుంచి 60 లీటర్లు తాగుతుంది, పాలిచ్చేదైతే ఇంకా ఎక్కువ. బోరు మోటారు కాలిపోయిన మూడు రోజులు ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో ముందే ఆలోచించి, నీడలో ఒక తొట్టి కట్టుకోండి.

చేతులు ఎన్ని?

మేత, నీళ్లు లెక్క వేసినవాళ్లు కూడా ఇది వేయరు. ఒక ఆవుకు గడ్డి కోసి తేవడం, పేడ తీయడం, నీళ్లు పెట్టడం, పాలు పితకడం, కడగడం కలిపి రోజుకు రెండు గంటలు. ఆదివారం లేదు, పండగ లేదు. చాలా ఇళ్లలో ఆ రెండు గంటలూ ఆడవాళ్లవే. "ఆవు కొందాం" అనే నిర్ణయం మాత్రం ఎక్కువగా మగవాళ్లది. కాబట్టి కాగితం మీద పేర్లు రాయండి: పొద్దున గడ్డి ఎవరు, సాయంత్రం పేడ ఎవరు, ఊరికి పెళ్లికి వెళ్తే ఆ రెండు రోజులు ఎవరు. పేరు రాయలేని గడి ఉందంటే ఆ పశువును ఇప్పుడే కొనకూడదు. పక్కింటివాళ్ల దగ్గర ఆవుంటే పేడకు గడ్డి ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేసుకోవడం ఎంత మాత్రం చిన్నతనం కాదు. వారం లోపు తాజా పేడ అయితే జీవామృతానికి బాగానే పనిచేస్తుంది.

ఇంకో విషయం. నాటు ఆవు పూటకు లీటరో, లీటరున్నరో ఇస్తుంది. ఈతకు ఈతకు మధ్య కొన్ని నెలలు పాలు ఉండవు. చూడి తొమ్మిది నెలల పైన, దాదాపు 280 రోజులు. అందరూ అమ్మాలనుకునేది ఒట్టిపోయిన ఆ నెలల్లోనే, అదీ వేసవిలో పడితే మరీ. పేడ కోసమే కొన్నారు కదా, పేడ ఎక్కడికీ పోలేదు అని గుర్తు చేసుకోవాలి. పుట్టే దూడల్లో సగం కోడెదూడలే. దాన్ని అరకకు పెంచుతారా, అరక ఉన్న రైతుకు ఇస్తారా, అనేది ఆవు కొన్న రోజే మాట్లాడుకోవాలి. ఎదకు వచ్చినప్పుడు ఆడదూడలు పుట్టే వీర్యం మీ జాతికి దొరుకుతుందేమో పశువైద్యశాలలో అడిగి చూడండి.

గొర్రెలు, మేకలు: మే నెలలో లేకుండా

తల్లి గొర్రె ఒక్కోటి రోజుకు కిలో దాకా ఎండు పదార్థం తింటుంది. ఐదు గొర్రెలు, వాటి పిల్లలు కలిస్తే ఒక ఆవు తినేదానికి దగ్గరకొస్తుంది. మన ఉదాహరణ పొలంలో ఆ మేత లేదు. పైగా రోజూ ఐదారు గంటలు మేపడానికి ఒక మనిషి పూర్తిగా కావాలి. మామిడి అంట్లు పెట్టినవాళ్లు మేకల జోలికి అసలే వెళ్లొద్దు. తాడు తెగిన ఒక్క పూట చాలు, మూడేళ్ల అంట్లు మొండెలు అవుతాయి.

అయినా జీవాలు కావాలనుకుంటే ఒక దారి ఉంది. జులై చివర, గట్ల మీద గడ్డి లేచాక నాలుగైదు పొట్టేలు పిల్లల్ని తెచ్చి, కలుపు, గట్ల గడ్డి, అవిశ ఆకు, కంది పొట్టు మీద పెంచి సంక్రాంతికి అమ్మేయడం. గడ్డి ఉన్నప్పుడే నోళ్లు ఉంటాయి, మార్చికి పాక ఖాళీ. ఈనడం, పిల్లల చావులు లాంటి తలనొప్పులు ఉండవు. చిన్న కుటుంబానికి మాకు బాగా నచ్చే పద్ధతి ఇదే.

ఎరువు కోసమే అయితే సొంత గొర్రెలు అక్కర్లేదు. వేసవిలో దుక్కికి ముందు గొల్ల, కురుమ పెంపకందార్లతో మాట్లాడి మూడు నాలుగు రాత్రులు పొలంలో మంద పెట్టించండి. డబ్బులో, ధాన్యమో, ఊరి రివాజు ఏదుంటే అది. పెంట, మూత్రం రెండూ పడాల్సిన చోటే పడతాయి, మోసే కూలి కూడా లేదు. మంద లేచిన వెంటనే పైపైన దున్నేస్తే ఎండకు సారం పోకుండా ఉంటుంది.

కోళ్లు మాత్రం ముందే

మొదటి ఏడాది నేపియర్, గట్ల మీద చెట్లు నాటుకుని, పాక కట్టుకుంటారు కదా, అప్పుడే పది నాటు పెట్టలు, ఒక పుంజు తెచ్చుకోవచ్చు. మేత లెక్కను అవి పెద్దగా కదిలించవు. కళ్లంలో రాలిన గింజలు, పురుగులు, చెదలు, ఇంట్లో మిగిలినవి, పైన కొద్దిగా నూకలు. రాత్రికి ఒక్కో కోడికి 2 చదరపు అడుగుల చోటుండే గట్టి గూడు ఉండాలి. ముంగిస, అడవిపిల్లి దూరే సందు లేకుండా చూడండి.

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది కానీ తనే పొదిగి పిల్లల్ని తిప్పుకుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన గ్రామప్రియ, వనరాజా రకాలు గుడ్లు ఎక్కువ పెడతాయి కానీ పొదగవు, ప్రతిసారీ పిల్లల్ని కొనాలి. ఇంటి గుడ్లకు నాలుగైదు గ్రామప్రియ, మంద పెరగడానికి నాటువి కలిపి పెట్టుకోవచ్చు. "పిల్లల్ని మేమే ఇస్తాం, కోళ్లు మేమే కొంటాం" అని ముందుగా డబ్బు కట్టించుకునే వాళ్లకు దూరంగా ఉండండి.

కోళ్లకూ ఆచ్ఛాదనకూ పడదు. మడి మీద గడ్డి పరిచారంటే సాయంత్రానికి దారిలో ఉంటుంది. కూరగాయల చుట్టూ వల కట్టుకుని, పంట అయిపోయాకే కోళ్లను లోపలికి వదలండి. అప్పుడు అవి గీకేది మనకే లాభం.

టీకాలు, కొనుగోలు

ప్రకృతి వ్యవసాయం కదా, టీకాలు ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. కొక్కెర తెగులు వస్తే పది కోళ్లలో రెండు మిగిలితే గొప్ప. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్ టు బి సూది తప్పనిసరి. ఆవుకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే, గాలికుంటు టీకా శాఖవాళ్లు వేసే విడతల్లో వేయించాలి. పొట్టేలు పిల్లలకు చిటుక రోగం, పి.పి.ఆర్. టీకాలు పడ్డాయో లేదో తెచ్చేటప్పుడే అడగండి. కొత్త లేత గడ్డి ఆశగా మేసిన రోజుల్లోనే చిటుక రోగం కొడుతుంది.

ఆవును జనవరిలో కొనండి. వామి కళ్లముందే ఉంటుంది కాబట్టి ఎన్నాళ్లకొస్తుందో తెలుస్తుంది. మే నెలలో చవగ్గా దొరుకుతుంది నిజమే, ఎందుకు చవగ్గా ఉందో పైన చెప్పుకున్నాం. రెండో ఈత ఆవు, దూడతో సహా అయితే మంచిది. వరుసగా మూడు పూటలు మీ ముందే పాలు పితికించండి. నాలుగు చన్నులూ సమానంగా ఉన్నాయా, పళ్లు ఎన్ని వేసింది, దగ్గరికి వెళ్తే తంతుందా చూడండి. ఈసుడు రోగం ఉందేమో రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ సోకుతుంది. అత్యవసరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ అదే నంబరు.

కొత్తగా వచ్చిన ఏ పశువునైనా మూడు వారాలు విడిగా కట్టేయండి. ఆ రోజుల్లోనే డాక్టరు గారు నట్టల మందు వేస్తారు. ఐవర్‌మెక్టిన్ లాంటి మందు కొన్నాళ్ల పాటు పేడలోనే బయటికి వస్తుంది, పేడ పురుగుల పిల్లలు దానికి చచ్చిపోతాయి. అందుకని ఆ మూడు వారాల పేడను జీవామృతంలో కలపకుండా ఒక పక్కన గుంతలో వేసి ఉంచండి.